వాగు దగ్గర ఎవరి మాట చెల్లుతుంది

మా తమ్ముడి బిడ్డ ఇరవై ఒకటో రోజుకు ములుగు అవతల ఉన్న మా పుట్టింటికి పోయాం. మంచిర్యాల నుంచి కాజీపేట దాకా రైలు, హనుమకొండ నుంచి బస్సు. పొద్దున్నే ఇల్లు వదిలితే దీపాలు పెట్టే వేళ దాటాక చేరాం. తడిసిన సంచులతో, బురద చెప్పులతో గడప ముందు నిలబడ్డ మమ్మల్ని చూసి మా బావ అన్న మొదటి మాట: "కారు ఇంట్ల పెట్టుకుని పెద్దమనిషినీ పిల్లల్నీ గీ ముసురుల బస్సుల వెంట తిప్పుడేంది మరదలా?"

ఫంక్షన్ అయ్యేదాకా ఇదే మాట తలా ఒకరు అన్నారు. కొందరు జాలిగా అన్నారు, కొందరు మా ఆయన పిసినారితనం మీద జోకులేశారు. ఒకామె అయితే పక్కకు పిలిచి "కారు అమ్మిండ్రా?" అని మెల్లగా అడిగింది. వడ్డనల హడావిడిలో జవాబు చెప్పే తీరిక నాకు లేదు, వినే ఓపిక వాళ్ళకూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెట్రోలు ఖర్చు గురించి కాదు. పిల్లలకు పల్లెలు చూపించాలన్న ఉబలాటమూ కాదు. వాళ్ళు పల్లెను బాగానే చూశారు, దారిలో సగం సేపు నిద్రపోయారు కూడా. పర్యావరణం గురించి మాట్లాడేంత పెద్ద మనసు ఆ తడి బట్టల్లో నాకు లేదు. నా కారణం ఒక్కటే. వానాకాలంలో మా వైపు ప్రయాణమంటే దారిలో ఎక్కడో ఒక చోట రోడ్డు మీద పారే నీళ్ళు ఎదురవుతాయి. అక్కడ ముందుకు పోవాలా ఆగాలా అనే నిర్ణయం మా ఇంటి మనిషి చేతిలో ఉండకూడదు. రైలు, బస్సు ఎక్కితే ఆ నిర్ణయం మా చేతిలోంచి పోతుంది. మిగతావాళ్ళు దాన్ని ఇబ్బంది అంటున్నారు. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఏమీ కాలేదు కదా

పోయిన ఏడాది వానల్లో ఒక రాత్రి కారులో వస్తున్నాం. ఊరి పేరు ఎందుకు గానీ, ఇల్లు ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు ఉందనగా ఒక లోలెవల్ వంతెన. మీద నుంచి నీళ్ళు పారుతున్నాయి. హెడ్‌లైట్ల వెలుగులో ఎర్రటి నీళ్ళు తప్ప రోడ్డు అంచు రాళ్ళు కూడా కనిపించడం లేదు. మా ముందు ఒక కారు దాటింది. మా వెనక మూడు నాలుగు బండ్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. గట్టున ప్లాస్టిక్ కవరు కప్పుకుని నిలబడ్డ ఒకాయన టార్చి ఊపుతూ "పోవచ్చు సార్, ఇప్పుడే డీసీఎం పోయింది" అన్నాడు. డీసీఎం లాంటి లారీ పోయిన చోట మా చిన్న కారు పోతుందా అని ఎవరూ అడగలేదు.

నేను వద్దన్నాను. వెనక సీట్లోంచి అత్తమ్మ "వాపస్ పోదాం కొడుకా" అంది. మా ఆయన "మీరు ఊకోండి, నన్ను టెన్షన్ పెట్టకండి" అన్నాడు, ఫస్ట్ గేర్ వేశాడు, దాటించాడు. అర నిమిషం పట్టిందేమో. ఆ రాత్రి అన్నాల దగ్గర "ఇంతెత్తు నీళ్ళల్లోంచి తీసుకొచ్చిన" అని చెయ్యి ఎత్తి చూపించాడు. అందరూ మెచ్చుకున్నారు. నెలలు గడిచాక, వేరే ఏదో మాటల్లో, నడిమధ్యలో స్టీరింగ్ ఒక్క క్షణం తేలిపోయినట్టు అనిపించిందని నాతో అన్నాడు. అన్నాల దగ్గర ఆ ముక్క చెప్పలేదు.

అడుగు లోతు పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టగలదని, రెండు అడుగులైతే చాలా బండ్లను లేపుకుపోతుందని విపత్తు నిర్వహణ వాళ్ళు ప్రతి వానాకాలం చెప్తూనే ఉంటారు. మా ఆయనకు ఇది తెలియక కాదు, వాట్సాప్‌లో నాకు పంపింది కూడా ఆయనే. మనిషి జాగ్రత్తపరుడు. టైర్లలో గాలి చూడనిదే బండి తీయడు, పిల్లలు బెల్టు పెట్టుకోకపోతే కదలడు. నేను చెప్పేది దుడుకుగా నడిపేవాళ్ళ గురించి కాదు, ఇలాంటి నెమ్మదస్తుల గురించే. ఆ వాగు దగ్గర ఆయన మీద పడిన బరువులన్నీ ఒకే వైపు తోశాయి. ఇల్లు దగ్గర, చుట్టు తిరిగి పోతే చాలా దూరం. పిల్లలు ఆకలి అంటున్నారు, వెనక హారన్లు. ముందున్నవాడు దాటాడు, గట్టు మీద మనిషి పొమ్మంటున్నాడు. వద్దన్నది ఇద్దరు ఆడవాళ్ళు మాత్రమే. కారులో మా మాటకు ఉన్న విలువ పాటల సౌండు తగ్గించమంటే తగ్గించేంత వరకే.

ఏమీ కాకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంజన్ ఆగిపోయి, ఊరివాళ్ళు తాళ్ళు వేసి లాగి ఉంటే ఆయన జన్మలో మళ్ళీ నీళ్ళలో బండి దించేవాడు కాదు. క్షేమంగా దాటాడు కాబట్టి ఇప్పుడు ఆయన దగ్గర ఒక అనుభవం ఉంది. "పోయినసారి ఇంతకంటే ఎక్కువున్నయి" అనే మాట ఉంది. అది మళ్ళీ వాడతాడు.

రైలు ఆగితే ఎవరూ దిగి చెప్పరు

ఈసారి నేను పట్టుబట్టాను. మంచిర్యాల స్టేషన్లో రైలెక్కేటప్పటికే సన్నగా ముసురు. కదిలిన కొద్దిసేపటికే గోదావరి. అత్తమ్మ పమిట కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీసింది. కిటికీ పక్కన పిల్లలిద్దరూ ఆ బిళ్ళ ఎవరు వేయాలని కొట్లాడుకుంటుండగానే వంతెన సగం దాటిపోయింది. నది ఒడ్డుల దాకా ఉంది. రామగుండం దగ్గర ఎన్టీపీసీ పొగగొట్టాలు సగం వరకే కనిపించాయి, పైసగం మొగులులో ఉన్నాయి.

పెద్దపల్లి దాటాక ఒక చిన్న స్టేషన్లో రైలు ఆగిపోయింది. పక్క పట్టాల మీద బొగ్గు బండి పోయింది, తర్వాత ఏదో సూపర్‌ఫాస్ట్ పోయింది, మేము అక్కడే ఉన్నాం. ఈ లైను మీద తిరిగేవాళ్ళకు ఇది అలవాటే. కదిలాక కూడా నడక వేగం. ఎదురు సీట్లో ఓదెలలో దిగే పెద్దమనిషి ఒకాయన "కాషన్ ఉన్నదట" అన్నాడు, అంతకుమించి వివరం అక్కర్లేదన్నట్టు పల్లీలు వలుచుకుంటూ.

ఆ కాషన్ వెనక ఉన్న వ్యవహారం చెప్పుకోదగ్గది. వాన గట్టిగా పడుతున్న రోజుల్లో ట్రాక్‌మెన్ రాత్రిపూట లైట్లు పట్టుకుని పట్టాల వెంట నడుస్తారు. వంతెన స్తంభాల మీద నీటిమట్టం గుర్తులు ఉంటాయి. నీళ్ళు ప్రమాదపు గీత తాకితే బండ్లు ఆపుతారు. కట్ట మెత్తబడిందని అనుమానం వస్తే ఆ ముక్క మీద ఎంత వేగానికి మించకూడదో రాసిన కాగితం లోకో పైలట్ చేతికి వస్తుంది. దాన్ని ఆయన పాటించాల్సిందే. 2023 జూలై 27న హసన్‌పర్తి, కాజీపేట మధ్య పట్టాల మీదికి నీళ్ళొచ్చినప్పుడు బండ్లు ఆపేశారు, దారి మళ్ళించారు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు అందరం చూశాం. అంత జరిగినా బండ్లను ముందే ఆపారు కాబట్టి రైళ్ళలో ఉన్నవాళ్ళు బతికి బయటపడ్డారు. తిండి లేక, నీళ్ళు లేక, ఎక్కడున్నామో తెలియక గంటల తరబడి నరకం చూశారు. అది నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ జనంలో ఏ ఒక్కరూ ఇంజన్ దాకా పోయి "పోవచ్చు సార్, ఇప్పుడే గూడ్సు పోయింది" అనలేదు. అన్నా చెల్లదు.

పొత్కపల్లి తర్వాత మానేరు, దాని తర్వాత నాట్లు పడుతున్న పొలాలు. యూరియా సంచిని కొప్పెరలాగ మలిచి తలమీద వేసుకున్న కైకిలోళ్ళు వరసగా వంగి ఉన్నారు. మా అబ్బాయి "వాళ్ళకు రెయిన్‌కోట్లు లేవా?" అని అడిగాడు. అత్తమ్మ నవ్వి, రెయిన్‌కోటు వేసుకుంటే వంగరాదని, తానూ పెళ్ళైన కొత్తలో గొంగడి కొప్పెర కింద అట్లనే నాటు వేశానని చెప్పింది. ఈ సంగతి నాకూ అదే మొదటిసారి తెలియడం. కారులో అయితే ఆమె వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది, కడుపులో తిప్పుతుందని.

జమ్మికుంట వచ్చేసరికి సర్వపిండి డబ్బా ఖాళీ. కాజీపేటలో మెట్ల వంతెన ఎక్కి దిగేటప్పుడు అత్తమ్మ మోకాళ్ళు, తడి మెట్లు, నా చేతిలో రెండు సంచులు. ఆ పది నిమిషాలు మాత్రం నేను మనసులో మా బావ పక్షమే.

గూడెప్పాడ్ దగ్గర

హనుమకొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అత్తమ్మకు, నాకు, పాపకు ఆడవాళ్ళ ఉచిత ప్రయాణ పథకం మహాలక్ష్మి కింద జీరో టికెట్లు. ఏడేళ్ళ బాబుకు అర టికెట్, మా ఆయనకు నిండు టికెట్. అయిదుగురికి ఒకటిన్నర. 2023 డిసెంబరు 9 నుంచి ఈ పథకం ఉంది కాబట్టి దీని మీద వాదనలన్నీ అందరూ విన్నవే, మళ్ళీ మొదలుపెట్టను. బస్సు కిక్కిరిసి ఉంది, అందులో ముప్పావు వంతు ఆడవాళ్ళు, ఒక మూల నుంచి మగవాళ్ళ సణుగుడు. అంతే.

ఆత్మకూరు దగ్గర గూడెప్పాడ్ క్రాస్‌రోడ్డులో బస్సు పక్కకు తీసి ఆపాడు. అక్కడ ఒక రోడ్డు పరకాల వైపు చీలుతుంది, ఇంకొకటి ములుగు వైపు. ములుగు నుంచి వచ్చిన బస్సు మా పక్కనే ఆగింది. డ్రైవర్లిద్దరూ కిటికీలోంచి కిటికీలోకి మాట్లాడుకున్నారు.

"కటాక్షపూర్ కాడ మత్తడి రోడ్డెక్కింది. నేను వచ్చేటప్పుడు తక్కువనే ఉండె, పెరుగుతాంది."

"పోలీసులున్నరా?"

"వచ్చిండ్రు. తాడు కడుతాండ్రు."

మా డ్రైవరు డిపోకు ఫోన్ చేసి, ఇంజన్ ఆపి, బీడీ ముట్టించడానికి కిందికి దిగాడు. అంతే, నిర్ణయం అయిపోయింది.

ఆ దారి తెలిసినవాళ్ళకు కటాక్షపూర్ చెరువు సంగతి చెప్పక్కర్లేదు. అది నిండి మత్తడి దుంకితే జాతీయ రహదారి మీద నుంచే నీళ్ళు పోతాయి. హనుమకొండకూ ములుగుకూ మధ్య రాకపోకలు నిలిచిపోతాయి. ఒక చుక్క వాన లేకుండా కూడా అలా జరగవచ్చు. మన దగ్గర చెరువులు గొలుసుకట్టు కదా, పైచెరువు మత్తడి కిందిచెరువులోకి దిగుతుంది, దాని మత్తడి ఇంకొక దాంట్లోకి. ఎక్కడో కురిసిన వాన గంటల తర్వాత ఇక్కడ రోడ్డెక్కుతుంది. అందుకే "వాన తగ్గింది కదా, పోదాం" అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. అక్కడ ఆగిన కార్లలో చాలామంది అద్దం దించి ఆకాశం చూసి అదే మాట అన్నారు. కొందరు ముందుకు పోయారు. వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ళు దాటారనే అనుకుందాం.

మా బస్సులో ఒక పిల్లవాడు, ఇంటర్వ్యూ ఏదో ఉందట, డ్రైవరు వెంటపడ్డాడు. "మోకాళ్ళ కిందికే ఉన్నయట గదా అన్నా. బస్సుకు ఏం గాదు."

డ్రైవరు కోపం తెచ్చుకోలేదు. "బస్సుకు ఏం గాదు తమ్మీ. నీళ్ళ కింద రోడ్డు ఉన్నదో లేదో నాకు కనవడది."

ఎప్పుడూ లోతు గురించే మాట్లాడుకుంటాం. ఎన్ని అడుగులు, మోకాలా, నడుమా అని. రోడ్డు దాటిన నీళ్ళు కింది వైపు అంచును గంటల తరబడి కోస్తూ ఉంటాయి. పైన తారు అలాగే ఉండి కింద మట్టి పోయి ఉండవచ్చు. ఇంటికన్నె దగ్గర పట్టాలకు జరిగిందీ అదే. దాన్ని గట్టు మీద టార్చి పట్టుకున్న మనిషి చూడలేడు, ముందు దాటిన డీసీఎం కూడా రుజువు కాదు. అది దాటుతున్నప్పుడే మిగిలిన కాస్త మట్టి జారి ఉండవచ్చు.

రెండు గంటలు అక్కడే ఉన్నాం. హోటల్లో చాయ్ అయిపోయి మళ్ళీ పాలు తెప్పించారు. అత్తమ్మకు పరకాల మనిషి ఒకామె దొరికింది, మూడో మాటకల్లా దూరపు చుట్టరికం తేలింది. మా ఆయన మొదట అరగంట అటూ ఇటూ తిరిగాడు, ఫోన్లో మ్యాప్ చూశాడు, పోయే కార్లను లెక్కపెట్టాడు. తర్వాత బాబును భుజాన ఎక్కించుకుని మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడ్డాడు. నేను గమనించింది ఇది: ఆగిపోయినందుకు ఆయన పరువేమీ పోలేదు. కారు తిప్పుకుని వెనక్కి పోయి ఉంటే ఆ సాయంత్రం పదిమందికి కారణం చెప్పుకోవలసి వచ్చేది, "గా మాత్రం నీళ్ళకే భయపడ్డవా" అనిపించుకునేవాడు. బస్సు ఆగితే తిట్లన్నీ వానకే.

చివరికి ములుగు వైపు నుంచి ఇంకో బస్సు వచ్చింది. దాని డ్రైవరుతో మాట్లాడాకే మావాడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. కటాక్షపూర్ దగ్గర పోలీసులు పెద్ద బండ్లను ఒక్కొక్కటిగా వదులుతున్నారు, కార్లు ఇంకా వరసలోనే ఉన్నాయి. గట్టమ్మ గుడి దగ్గర అత్తమ్మకు ఇంకో రూపాయి బిళ్ళ వేసే వీలు దొరికింది. ఈసారి పిల్లలకు ఇవ్వకుండా తనే వేసింది.

బస్సు నడిపేదీ మగవాడే కదా

ఈ వాదన మా ఆయన ముందు పెడితే ఆయన అన్న మొదటి మాట ఇది. నవ్వాను గానీ మాట తీసిపారేసేది కాదు. బస్సు డ్రైవరుకు మాత్రం తొందర ఉండదా? పొద్దున నాలుగింటికి డ్యూటీ ఎక్కినవాడికి ఇల్లు చేరాలని ఉండదా? యాభై మంది ఒక్కసారి "పోనియ్యి అన్నా" అంటే ఎంతసేపు ఆగుతాడు?

నిజంగానే ఆగని సందర్భాలు ఉన్నాయి. 2024లో ఆ కేసముద్రం పట్టాలు కొట్టుకుపోయిన రాత్రే, వేములవాడ నుంచి మహబూబాబాద్ పోతున్న బస్సు నెక్కొండ మండలం తోపనపల్లి దగ్గర వరదలో చిక్కుకుపోయింది. చుట్టూ నీళ్ళు, చీకటి, లోపల నలభై మందికి పైగా జనం. తెల్లవారేదాకా అలాగే ఉన్నారు. పొద్దున బయటికి తీసుకొచ్చారు. ఆ వార్త చదివినప్పుడు బస్సే మేలు అని నేను ఎవరితోనూ అనలేకపోయేదాన్ని.

కాబట్టి నేను బస్సుకు ప్రమాదం రాదని అనడం లేదు. తేడా ఎక్కడుందంటే, బస్సు డ్రైవరు ఆ బండికి ఓనరు కాదు. ఏదైనా అయితే డిపోలో నిలబడి సమాధానం చెప్పాలి. ఎదురొచ్చే ప్రతి బస్సూ అతనికి ఒక కబురు, నీళ్ళను తన కళ్ళతో చూసి వచ్చినవాడి కబురు. లోపల భార్య లేదు, అత్త లేదు, బామ్మర్ది లేడు. ధైర్యం చూపించుకోవలసిన మనుషులెవరూ లేరు. యాభై మంది పొమ్మన్నా "నేను పోనియ్య" అంటే ఆ మాట నిలబడుతుంది. ఇదే మాట కారులో వెనక సీట్లోంచి అంటే నిలబడదు.

ఇంకొక మాట కూడా వింటాను: "మాకు ఈ వాగు చిన్నప్పటి నుంచి తెలుసు." మా తమ్ముడూ అంటాడు. 2023 జూలైలో మా పక్క మండలం వెంకటాపూర్‌లోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. నైరుతి నాలుగు నెలల్లో రాష్ట్రంలో సగటున పడేదానికి అది కొంచెమే తక్కువ. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం తెల్లవారుజామున ఇళ్ళ పైకప్పులు ఎక్కారు. వాళ్ళకూ మోరంచవాగు పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలిసిన వాగు ఇంత ఎత్తుకు వస్తుందని మాత్రం ఎవరికీ తెలియదు. ఊరివాళ్ళ అనుభవాన్ని నేను గౌరవిస్తాను, నేను కూడా ఆ ఊరిదాన్నే. కానీ ఆ అనుభవం పాత వానలది.

ఒప్పుకోక తప్పని నష్టాలున్నాయి. ఒక రోజు మొత్తం పోయింది. రోజు కూలీకి పోయేవాళ్ళకు, సెలవు దొరకనివాళ్ళకు రెండు గంటలు క్రాస్‌రోడ్డులో కూర్చోమనడం తేలిక కాదు. ఇక బస్టాండ్లలో మూత్రశాలల సంగతి ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది. పొద్దున చాయ్ కూడా తాగకుండా బయలుదేరే ఆడవాళ్ళు ఎంతమందో. వానల్లో ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కారు కొనుక్కున్నవాళ్ళు దాని హాయి కోసమే కొనుక్కున్నారు, వాళ్ళను తప్పు పట్టను. మాది కూడా అమ్మడం లేదు. ఎండాకాలం, చలికాలం అందులోనే తిరుగుతాం. ముసురు పట్టిన వారంలో మాత్రం తాళంచెవి మేకుకు వేలాడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఈ ఒప్పందం నడుస్తోంది. మా ఆయన దీన్ని నా మొండితనం అని అందరికీ చెప్తాడు. అలా చెప్పుకోవడం ఆయనకు సులువు, చెప్పుకోనీ.

వాగు అవతలి ఊర్లు

నా వాదనలో నాకే నచ్చని చోటు ఒకటి ఉంది. బస్సు ఆగితే మంచిదే అని చెప్పేది ఎవరు? వెనక్కి తిరిగితే ఇల్లు ఉన్న మనిషి. ఒక ఫంక్షన్‌కు ఆలస్యమైతే పోయేది ఏమీ లేని మనిషి. మా ఊరి నుంచి ఇంకా లోపలికి, అడవి దిక్కు పోతే, బస్సు ఆగిందంటే మొత్తం ఆగినట్టే. అక్కడ కార్లు లేవు కాబట్టి కారా బస్సా అన్న చర్చే లేదు. నెలలు నిండిన ఆడమనిషి, డయాలసిస్‌కు పోవాల్సిన ముసలాయన, పరీక్ష రాయాల్సిన పిల్ల వాగు ఇవతల నిలబడి చూస్తారు. వాగు పొంగినప్పుడు మంచాన్ని నలుగురు మోసుకుని దాటించిన ఫోటోలు ప్రతి వానాకాలం పేపర్లో వస్తాయి. వాళ్ళను "నిర్ణయం నీ చేతిలో పెట్టుకోకు" అని ఏ ముఖంతో అంటాను?

దీని మీద మా తమ్ముడితో ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాను. వాడు కారు మనిషే, నా వాదన మొత్తం విని "సర్లే అక్కా" అని పక్కన పెట్టాడు. కానీ నైట్ హాల్ట్ బస్సు మాట వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. మా ఊర్లో రాత్రి బస్సు వచ్చి ఆగుతుంది, డ్రైవరు, కండక్టరు ఊర్లోనే పడుకుంటారు, పొద్దున ఆరింటికి అదే బస్సు పట్నానికి పోతుంది. కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, కూరగాయలు అమ్ముకునేవాళ్ళు అందరూ దాని మీదే ఆధారం. వాగు పొంగేట్టుంటే రాత్రి బస్సు రాదు. రాకపోవడం సరైనదే. డ్రైవరును చీకట్లో ఆ వంతెన మీదికి పంపమని వాడు కూడా అనడు. వాడి కోపం వేరే. బస్సు రాదని ఎవరూ చెప్పరు. జనం పొద్దున అయిదున్నరకే సంచులు పట్టుకుని వేపచెట్టు కింద నిలబడి, ఏడు దాటాక ఇంటికి పోతారు. అప్పటికి వేరే దారి వెతుక్కునే టైము దాటిపోయి ఉంటుంది.

గూడెప్పాడ్‌లో ఇద్దరు డ్రైవర్లు కిటికీలోంచి మాట్లాడుకున్న ఆ రెండు ముక్కలు ఊరికి కూడా చేరితే చాలు. కటాక్షపూర్ రోడ్డెక్కిందని మా డిపోకు ఫోన్ పోయింది కదా, అక్కడి నుంచి బస్సు పోవాల్సిన ఊర్లకు ఒక్క ఫోన్ పోవడానికి ఖర్చేముంది? పంచాయతీ కార్యదర్శికో, ఊరి వాట్సాప్ గ్రూపుకో ఒక మెసేజ్. ఇంకొకటి, ప్రతి లోలెవల్ వంతెనకు రెండు వైపులా అడుగుల గుర్తులున్న స్తంభం, ఒక గేటు. రైల్వే వంతెనకు ఆ గీతలు ఉన్నప్పుడు ఊరి వంతెనకు ఎందుకు ఉండకూడదు? అది ఉంటే టార్చి పట్టుకున్న మనిషి "పోవచ్చు సార్" అనే బదులు గీత చూపిస్తాడు.

"బస్సు రాదని రాత్రే చెప్తే చాలక్కా" అన్నాడు మా తమ్ముడు. "ట్రాక్టరు మాట్లాడుకుని వేరే తొవ్వల పసర దాక పోయి, ఆడ బస్సెక్కుతం. మేం అడిగేది బస్సు కాదు, కబురు."